మెట్ట పొలంలో పర్మాకల్చర్: రోహిణి నుంచి ధనుర్మాసం దాకా మా ప్రాజెక్టు డైరీ

రోహిణి కార్తె

పొలం నెల్లూరు జిల్లా మెట్టలో, వింజమూరు నుంచి ఉదయగిరి వెళ్లే దారికి లోపలగా ఉంది. మూడెకరాలు. ఎర్ర గరప నేల. అడుగున్నర తవ్వితే గులకరాయి తగులుతుంది. నాయన కాలంలో పొగాకు వేసేవాళ్లు. దానికి గుర్తుగా రేకుల కప్పుతో ఒక బ్యారన్, అంటే పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టు, మిగిలింది. ఒక బోరు ఉంది, ఉందంటే ఉంది, వేసవిలో గంట పోసి రెండు గంటలు ఆగుతుంది.

రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. ఈ ఎండలో పొలంలో తిరిగేవాణ్ణి చూసి ఊళ్లో నవ్వుకుంటున్నారు. కానీ నేల అసలు రూపం బయటపడేది ఇప్పుడే. నిరుటి వాన ఎక్కడ మట్టిని కోసుకుపోయింది, ఇసుక ఎక్కడ మేట వేసింది, గడ్డి దుబ్బుల మొదట్లో ఇంకా కాస్త పచ్చదనం ఎక్కడ మిగిలింది, అన్నీ కళ్లకు కడతాయి. పైరు ఉన్నప్పుడు ఇవేవీ కనపడవు.

పర్మాకల్చర్ గురించి తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. 1970లలో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో బిల్ మోలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ ఈ ఆలోచనకు రూపం ఇచ్చారు. అడవికి ఎవరూ నీళ్లు కట్టరు, ఎరువు చల్లరు, అయినా ఏటా కాస్తుంది. తిండి పెట్టే తోటను కూడా ఆ తీరులోనే ఎందుకు కట్టకూడదు అన్నది వాళ్ల ప్రశ్న. 2002లో హోమ్‌గ్రెన్ దీన్ని 12 సూత్రాలుగా గుదిగుచ్చారు. వాటన్నిటి కింద మూడు నీతులున్నాయి: భూమిని చూసుకోవాలి, మనుషుల్ని చూసుకోవాలి, మిగిలింది పంచుకోవాలి. ఇది మనకు మరీ కొత్త సంగతేం కాదు. మోలిసన్ 1980లలోనే హైదరాబాద్ వైపు వచ్చి పాఠాలు చెప్పారు. జహీరాబాద్ దగ్గర కొప్పుల నర్సన్న, పద్మ దంపతుల అరణ్య సంస్థ ఏళ్ల తరబడి ఈ పద్ధతిలో సేద్యం చేసి చూపిస్తోంది. 2017 నవంబరులో అంతర్జాతీయ సమావేశం కూడా హైదరాబాద్‌లోనే జరిగింది.

పన్నెండు సూత్రాలు అచ్చు వేయించి గోడకు అంటించుకోవడం తేలిక. వాటిలో ఏది మన మెట్టకు ఉన్నదున్నట్టు పనికొస్తుంది, దేన్ని తిప్పి రాసుకోవాలి అన్నదే నాకు కావాలి. ఈ డైరీ అందుకే.

మొదటి సూత్రం గమనించడం. నేను నోట్సులో రాసుకున్నవి ఇవి. పొలం పడమట ఎత్తు, తూర్పున పల్లం. వంద అడుగులకు రెండున్నర అడుగుల వాలు. వేసవిలో పడమటి నుంచి వడగాలి. వానాకాలం చివర్లో తుపాను గాలి తూర్పు, ఈశాన్యం నుంచి. గొర్రెలు, బర్రెలు వచ్చేది ఉత్తరాన ఉన్న డొంక దారి నుంచి. అడవి పందులు కొండ వైపు నుంచి, అదీ చీకటి పడ్డాక. ఎండాకాలంలో బీడు తగలబడితే నిప్పు కూడా ఆ కొండ వైపు నుంచే. పర్మాకల్చర్ వాళ్లు వీటిని సెక్టార్లు అంటారు. బయటి నుంచి మన పొలంలోకి ఏమేం వస్తాయి, ఎటు నుంచి వస్తాయి అని చూసుకోవడమే. ఈ భాగం మన మెట్టకు అక్షరం మార్చకుండా సరిపోయింది.

సరిపోనిది జోన్ల లెక్క. వాళ్ల పటంలో ఇల్లు నడుమ ఉంటుంది, అది సున్నా. రోజూ చెయ్యి పడాల్సిన కూరగాయలు ఇంటి పక్కన ఒకటో జోన్. అక్కణ్ణుంచి దూరం పోయేకొద్దీ రెండు, మూడు, నాలుగు. చివరి అయిదో జోన్ మనం ముట్టుకోని అడవి. ఆస్ట్రేలియాలో రైతు ఇల్లు పొలంలో ఉంటుందేమో. మన ఇల్లు ఊళ్లో ఉంటుంది, పొలం కిలోమీటరున్నర అవతల. అలాగని ఇంటి పెరట్లో కూరగాయలు వేసి, పొలం మొత్తాన్ని మూడో జోన్ చేస్తే పొలంలో తోట ఎప్పటికీ లేవదు.

కాబట్టి జోన్లను ఇంటి నుంచి కొలవడం మానేశాను. కాలు రోజూ ఎక్కడ పడుతుందో అక్కణ్ణుంచి కొలిచాను. మా పొలంలో ఆ చోటు బ్యారన్ గోడ. మోటారు స్టార్టరు దాని మీదే ఉంది. పగటి కరెంటు ఎప్పుడిస్తే అప్పుడు ఎవరో ఒకరం అక్కడికి పోవాల్సిందే. ఆటో స్టార్టరు పెట్టించుకుంటే ఈ తిరుగుడు తప్పుతుందని అందరూ చెప్తున్నారు. ఆ తిరుగుడే నాకు కావాలి. రోజూ పోతేనే వంగకు పురుగు పట్టింది కనపడుతుంది.

అలా బ్యారన్ చుట్టూ ఇరవై అడుగులు ఒకటో జోన్: ఆకుకూరలు, వంగ, మిరప. దాని తూర్పున నిమ్మ, జామ, మునగ, బొప్పాయి. ఆ తర్వాత వానాధారం: కంది, సజ్జ, అలసంద. పడమటి గట్టున వేప, కానుగ, సీతాఫలం. అయిదో జోన్‌ను నేను గీయనక్కర్లేకపోయింది. నైరుతి మూల రాళ్ల మధ్య ఒక పుట్ట ఉంది. జేజి నాగుల చవితికి పాలు పోసేది అక్కడే. అందుకే తాతల కాలం నుంచి ఆ ముక్క మీద నాగలి పడలేదు. బలుసు, కలివి, రేణి కలిసి గుబురుగా అల్లుకున్నాయి. పొలం మొత్తంలో మెత్తటి నల్లమట్టి దొరికేది ఆ గుబురు కిందే.

మృగశిర

రెండు జల్లులు పడ్డాయి. నేల గడ్డపారకు లొంగుతోంది. ఇక కందకాల పని.

దీని గురించి కాస్త పొడుగ్గా రాస్తాను. మెట్టలో ఈ పని కుదిరితే మిగతావి వాటంతటవే దారిలో పడతాయని నా నమ్మకం.

వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో కందకం తవ్వితే నీళ్లు ఏ వైపుకూ పరుగెత్తవు. నిలబడి ఇంకుతాయి. తవ్విన మట్టి కింది వైపు కట్టగా పోయాలి. ఆ కట్ట మీద చెట్లు పెట్టాలి. అంతే సంగతి. చిక్కంతా ఆ 'ఒకే మట్టం' దగ్గర ఉంది. కంటికి సమంగా అనిపించేది ఎప్పుడూ సమం కాదు.

దానికోసం ఇంగ్లిషు A అక్షరం ఆకారంలో ఉండే ఏ-ఫ్రేమ్ కట్టాను. ఏడడుగుల సరివి కర్రలు రెండు, నాలుగడుగుల అడ్డకర్ర ఒకటి. పొడుగు కర్రల పై కొసలు కలిపి కట్టి, నడుమ అడ్డకర్ర బిగించి, పై ముడి నుంచి పురికొసకు ఒక రాయి వేలాడదీస్తే పరికరం తయారు. ఇక దానికి గుర్తు పెట్టుకోవాలి. నేల మీద రెండు మేకులు కొట్టి, వాటి మీద రెండు కాళ్లూ ఆనించి, పురికొస అడ్డకర్రను తాకిన చోట బొగ్గుతో గీత గీయాలి. తర్వాత ఫ్రేమ్‌ను తిప్పి, ఎడమ కాలు ఉన్న చోట కుడి కాలు పెట్టి, మళ్లీ గీయాలి. ఆ రెండు గీతలకు సరిగ్గా మధ్యన మూడో గీత. పురికొస ఆ నడిమి గీత మీద నిలిస్తే రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉన్నట్టు. ఇక ఒక కాలు కదలకుండా పట్టుకుని, రెండో కాలు ముందుకు వెనక్కు జరిపి, కొస నడిమి గీతకు రాగానే ఒక పుల్ల గుచ్చి, అక్కణ్ణుంచి మళ్లీ అడుగు వేయాలి. గాలి తోలుతుంటే పురికొస ఊగి సతాయిస్తుంది. పొద్దున్నే చేసుకోవాలి. తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో కూడా ఇదే పని జరుగుతుంది. దానికి ఇద్దరు మనుషులు కావాలి, ఫ్రేమ్‌ను ఒక్కడైనా నడిపించుకోవచ్చు.

పుల్లలు గుచ్చుకుంటూ పోతే గీత తిన్నగా రాలేదు. వాగులాగా వంకరలు తిరిగింది. కూలికి వచ్చిన పెద్దక్క చూసి, "ఇదేంది నాయనా, తాగినోడు నడిచినట్టుంది" అంది. నేల వంకర అది. దాన్ని తాడు పెట్టి తిన్నగా చేస్తే కందకం ఒక చివర పొర్లుతుంది, ఇంకో చివర ఎండుతుంది.

మొత్తం మూడు కందకాలు. ఒక్కోటి 280 అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. లెక్క వేస్తే ఒక్కోదాంట్లో 23 వేల లీటర్ల పైన పడతాయి. మూడూ నిండితే ఒక్కసారికి 70 వేలు. వినడానికి ఎక్కువే. కానీ ఒక్క మిల్లీమీటరు వాన చదరపు మీటరుకు ఒక లీటరు. మూడెకరాల మీద 50 మిల్లీమీటర్లు పడితే ఆరు లక్షల లీటర్లు! అందులో పావు వంతు పారినా లక్షన్నర. కందకాలు నిండడం ఖాయం, పొర్లడమూ ఖాయం. అందుకే పొర్లే దారి ముందే కట్టాలి.

ఆ దారికి నమూనా బయట వెతకలేదు. నెల్లూరు జిల్లాలో పుట్టినవాడికి కలుజు, అదే చెరువు అలుగు, అంటే ఏమిటో చెప్పాలా? ఒక చెరువు నిండితే కలుజు పారి కింది చెరువుకు పోతుంది, అది నిండితే ఆ కిందిదానికి. గొలుసుకట్టు చెరువులన్నీ ఈ లెక్క మీదే ఉన్నాయి. చిన్న వివరాల్లోకి పోకముందు పెద్ద నమూనా చూడమని చెప్పే సూత్రం ఒకటుంది. మాకు ఆ నమూనా ఊరి చెరువే. మొదటి కందకానికి దక్షిణం కొసన మూడడుగుల కలుజు పెట్టి, కట్ట కంటే నాలుగంగుళాలు దిగువన రాళ్లు పరిచాం. రెండోదానికి ఉత్తరం కొసన. మూడోదానికి మళ్లీ దక్షిణాన. నీళ్లు పొలం అడ్డంగా అటూ ఇటూ తిరిగి తిరిగి బయటికి పోవాలి. ఎంత ఆలస్యంగా పోతే అంత మంచిది.

కింద తూర్పు పొలం మామది. గట్టు మీద నిలబడి చూస్తూ, "నీళ్లన్నీ నువ్వే పట్టుకుంటే నా బావికేం వస్తయి అబ్బయా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. ఇంకిన నీళ్లు వాలు వెంబడే కిందికి దిగుతాయి, పొర్లినవి మూడో కలుజు నుంచి మీ పొలంలోకే వస్తాయి అని చెప్పాను. ఆయన నమ్మినట్టు లేదు.

ఆరుద్ర, పునర్వసు

కందకం కట్టల మీద, వానాధారం ముక్కలో నవధాన్యాలు చల్లాం. మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు ముందస్తు పొడి విత్తనం అనేది ఇదే. అలసంద, పెసర, మినుము, పిల్లిపెసర, జనుము, సజ్జ, జొన్న, నువ్వులు, ఆముదం, గోంగూర, అన్నీ కలిపి. విత్తనాలను బీజామృతంలో (విత్తనశుద్ధికి పేడ, ఆవు మూత్రంతో చేసే ద్రావణం) తడిపి, బంకమన్ను, ఘన జీవామృతం (పేడతో చేసే పొడి ఎరువు), బూడిద పొడుల్లో వరుసగా దొర్లిస్తే చిన్న గుళికలవుతాయి. పక్షులు, చీమలు అంత తొందరగా ముట్టుకోవు. తగినంత తడి తగిలే దాకా మొలక ఆగుతుంది. వైవిధ్యం అనే సూత్రానికి ఇంతకంటే చవకైన పద్ధతి నాకు తెలియదు.

వైవిధ్యం గురించి ఒక మాట. మా జిల్లా నిమ్మతోటలకు పెట్టింది పేరు. వేసవిలో ధర మండుతుంది. కాపు విరగబడే నెలల్లో కోత కూలి కూడా గిట్టదు. తోటంతా నిమ్మే వేసినవాళ్లు ఏడాదంతా టెన్షన్‌తో మార్కెట్ వైపు చూస్తూ కూర్చుంటారు. నేనూ నిమ్మ పెట్టాను, కాదనను, కానీ జామ, మునగ, సీతాఫలం మధ్యలో.

కంచె సంగతికి వస్తే, మెట్టలో చెట్లు పెంచాలనుకునేవాళ్లు నీళ్ల గురించే భయపడతారు. నేను చూసినంతలో మొక్కలు చచ్చేది ఎక్కువగా పశువుల నోట. కోతలైపోతే ఊరి పశువులన్నిటికీ అందరి పొలాలూ మేతబీళ్లే. ఎవర్నీ తప్పు పట్టేది లేదు, మా బర్రెలూ అలాగే మేశాయి. విదేశీ లెక్కల్లో ఈ ముక్క ఎక్కడా కనపడదు.

ఇనుప కంచెకు డబ్బుల్లేవు. ఉత్తరపు గట్టున అడుగున్నరకు ఒకటి చొప్పున గ్లిరిసీడియా కొమ్మలు పాతాం. బొటనవేలంత లావువి, ముదురువి, కింది కొస ఏటవాలుగా కోసి. వానాకాలంలో తేలిగ్గా చిగురిస్తాయి. ఎదిగాక అదే కంచె. కొట్టిన ఆకు పచ్చిరొట్ట, వేర్లు నత్రజనిని పట్టిస్తాయి, ముదిరిన కొమ్మ పొయ్యిలోకి. ఒక్కో వస్తువు నాలుగు పనులు చెయ్యాలని మోలిసన్ అనేది ఇలాంటి వాటి గురించే. అది కంచె అయ్యేదాకా ముందు ముళ్లకంప ఉండాలి కదా. బీట్లో ఉన్న సర్కారు తుమ్మ కొట్టి బయటి వరుసగా పరిచాం.

మఖ, పుబ్బ

వాన లేదు. వేసిన నవధాన్యాలు మోకాలెత్తు లేచి వాడుముఖం పట్టాయి.

మొలకలకు నీళ్లు పెట్టమని ఇంట్లో పోరు. బోరు నీళ్లను అర ఎకరానికి మించి పారించనని మొదట్లోనే నిర్ణయం చేసుకున్నాను. బోరు ఇంకో వంద అడుగులు దింపిద్దామని సలహా చెప్పేవాళ్లకు కొదవ లేదు. మా ఉదయగిరి మెట్టలో ఫ్లోరైడ్ బాధ పాతది. బోర్లు లోతుకు పోతే ఏమవుతుందో ఊళ్లోవాళ్ల పళ్లు చూస్తే తెలుస్తుంది. తనకు తాను హద్దు గీసుకోవాలన్న నాలుగో సూత్రం చదవడానికి చప్పగా ఉంటుంది. మఖ ఎండలో వాడిన అలసంద ముందు నిలబడి పాటించడం వేరు.

కొత్తగా పెట్టిన పండ్ల మొక్కల పక్కన మాత్రం మట్టి కుండలు పాతాం. రంగు వేయని, బాగా కాలిన కుండ. మూతి నేలకు కాస్త పైన ఉండాలి, మీద మూత పెట్టాలి, లేదంటే దోమలు. నీళ్లు కుండ గోడ గుండా ఊరుతూ వేరుకు అందుతాయి. మట్టి తడిగా ఉంటే ఊట తగ్గుతుంది, ఎండితే పెరుగుతుంది, ఎవరూ తిప్పనక్కర్లేని కుళాయి. మొదళ్ల చుట్టూ వేరుశనగ పొట్టు, ఎండు గడ్డి నాలుగంగుళాలు. చెదలు పడతాయని మామ అన్నాడు. పడ్డాయి. ఎండు గడ్డిని తిన్నాయి, పచ్చి మొక్కను ముట్టుకోలేదు. పొట్టును కాండానికి ఆనించకుండా జానెడు దూరం వదిలాం.

ఉత్తర, హస్త

ఉత్తర చూసి ఎత్తర గంప అంటారు. ఉత్తరలో వాన పడకపోతే గంప ఎత్తుకుని వలస పోవాల్సిందేనని. ఆ సామెత పుట్టింది నైరుతి మీద బతికే చోట. మాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే. ఉత్తర అంటే మాకు తయారయ్యే కాలం. పక్క జిల్లాల పంచాంగాన్నే అరువు తెచ్చుకోలేం, టాస్మేనియాది ఎలా తెచ్చుకుంటాం?

ఈ నెలలో చేసిన పనులు రెండు. మొదటిది బ్యారన్ కప్పు. 16 అడుగులు, 24 అడుగుల కప్పు. అంటే దగ్గర దగ్గర 36 చదరపు మీటర్లు. ఏడాదికి 700 మిల్లీమీటర్లనుకున్నా పాతిక వేల లీటర్లు దాని మీద పడుతున్నాయి. ఇన్నేళ్లూ అవి గోడ మొదలు కోసుకుంటూ పోయాయి. చూరు వెంట పీవీసీ పైపును నిలువుగా చీల్చి దోనెలా బిగించాం. మొదటి వాన కప్పు మీది దుమ్మును, రెట్టను కడుగుతుంది కాబట్టి ఆ నీళ్లు పక్కకు పోయేలా ఒక టీ జాయింటు పెట్టి కింద బిరడా వేశాం. తర్వాత నీళ్లు డ్రమ్ముల్లోకి. డ్రమ్ములు నిండితే గొట్టం ద్వారా అరటి గుంటకు. చేతులు కడిగిన నీళ్లు, డ్రమ్ములు కడిగిన నీళ్లు, కూరగాయల చెత్త కూడా ఆ గుంటకే. వ్యర్థం లేకుండా అన్న సూత్రానికి ఇంతకంటే రాయాల్సింది లేదు.

రెండోది మంద. వర్షాలకు ముందు వానాధారం ముక్కలో ఎరువు కోసం రాత్రిళ్లు గొర్రెల మంద కట్టించాలనుకున్నాం. నెల్లూరు గొర్రెలకు దేశమంతా పేరుంది కదా. ఈ మందలో ఎక్కువ జొడిపి రకమే, తెల్ల ఒంటి మీద కళ్ల చుట్టూ, మూతి దగ్గర నల్ల మచ్చలు. తెల్లగా ఉండే పల్ల కొన్ని. గొర్రెల పెద్దాయనతో రాత్రికింతని బేరం కుదిరాక ఆయనే ఒక మాట చెప్పాడు. "ఈ మధ్య దాకా బీట్లో తుమ్మకాయలు మేసినయ్యి. ఇప్పుడే తోలితే నీ చేనంతా తుమ్మ మొలుస్తది, వారం ఆగు సామీ." సర్కారు తుమ్మ గింజ గొర్రె కడుపులో అరగదు, పెంటికలో పడి ఇంకా బాగా మొలుస్తుంది. అమెరికా ఖండాల నుంచి వచ్చిన చెట్టు మన బీళ్లన్నీ ఆక్రమించింది అలాగే. ఆగాం. మంద వేరే గడ్డి బీట్లో మేశాక తోలించాం. కంచె పెట్టింది గొర్రెలు రాకుండా, డబ్బిచ్చి తోలించుకున్నది అవే గొర్రెల్ని! విడగొట్టకుండా కలిపి వాడుకోవాలనే సూత్రంలో కిటుకు ఎప్పుడు, ఎన్ని రాత్రులు అన్న దగ్గరే ఉంది.

ఆ తుమ్మనే కాల్చే బొగ్గుల బట్టీ ఊరి బయట ఉంది. బస్తాలకెత్తాక అడుగున మిగిలే పొడి ఎవరూ కొనరు. ఆ నుసి తెచ్చి జీవామృతంలో నానబెట్టి కూరగాయల మడుల్లో కలిపాం. జీవామృతం పాళ్లు అందరూ వాడేవే: 200 లీటర్ల నీళ్లకు పది కిలోల పేడ, అయిదు నుంచి పది లీటర్ల ఆవు మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గట్టు మట్టి గుప్పెడు. ఆ గుప్పెడు మాత్రం పుట్ట దగ్గరి నల్లమట్టి తీసుకున్నాను. నానబెట్టకుండా ఉత్త బొగ్గు వేస్తే అదే నేలలోని పోషకాలను పీల్చుకుంటుంది. అది గుర్తుంచుకోవాలి.

చిత్త, స్వాతి

ఈశాన్యం దిగింది. మొదటి గట్టి వానకు గొడుగు వేసుకుని కందకాల వెంట నడిచాను. నీళ్లు మొదటి కందకంలో అంతటా ఒకే ఎత్తున నిలబడ్డాయి. బురదనీళ్ల మట్టం కట్టకు గీసిన గీత ఎక్కడా పైకీ కిందికీ పోలేదు. మా ఏ-ఫ్రేమ్‌కు ఇంతకంటే పరీక్ష అక్కర్లేదు. తెల్లారేసరికి అడుగున ఒక పొర ఒండ్రు తప్ప నీళ్లు లేవు. అన్నీ ఇంకాయి.

కందకం అంచుల్లో పొన్నగంటి దానంతటదే పాకింది. కట్ట ఎండు వైపున గురుగు, గలిజేరు. పెద్దక్క ఒడి నిండా కోసుకుని, "విత్తనం వేసింది నువ్వు, ముందు తినేది మేము" అని నవ్వింది. తడి పొడి కలిసే చోటే ఎక్కువ రకాలు మొలుస్తాయి. అంచులకు విలువ ఇమ్మని చెప్పే పదకొండో సూత్రాన్ని ఆవిడ ఒడిలోనే చూశాను.

విశాఖ, అనూరాధ

వాయుగుండం. రాత్రంతా వాన, తెల్లవారుజామున తూర్పు గాలి.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు గాలి, వాన ఎలా కొట్టాయో అందరికీ గుర్తే. ఇది అంతటిది కాదు. అయినా బొప్పాయిలు పడుకున్నాయి. మునగ కొమ్మలు విరిగాయి, అది విరగడం, మళ్లీ చిగురించడం మామూలే. బొప్పాయిలు తూర్పున ఉన్నాయి, వాటికి ముందు గాలికి అడ్డం ఏమీ లేదు. తూర్పు గట్టున సరివి ఒక వరుస, దాని లోపల అవిశ ఒక వరుస పెట్టాలని నోట్సులో రాశాను. గాలిని పూర్తిగా ఆపే గోడ కంటే వడకట్టే వరుసలు మేలు. గోడ దాటిన గాలి అవతల సుడి తిరిగి మరీ గట్టిగా కొడుతుంది.

కలుజులు మూడూ పారాయి. రెండోదాని దగ్గర రాళ్ల కింద నుంచి నీరు తొలిచి గుంత పడింది. ఆ రాళ్ల కింద గోనెసంచిలో ఇసుక నింపి పరిచాం. వాన వెలిశాక పక్కల వట్టివేరు దుబ్బులు నాటాం. మూడో కలుజు దాటిన నీళ్లు మామ పొలంలోకి పోయాయి. ఎర్రగా కాదు, దాదాపు తేటగా. మట్టి మా పొలంలోనే దిగిపోయింది. ఆయన గట్టు మీద కూర్చుని చాలాసేపు ఆ నీళ్లనే చూశాడు.

ఆ తర్వాత వారంలో ఆయన బావిలో నీళ్లు పైకి వచ్చాయి. అది నా కందకాల వల్లనే అని చెప్పను. వాన బాగా పడింది, ఊళ్లో అందరి బావులూ పెరిగాయి. వేసవిలో ఆయన బావి పక్క బావుల కంటే ఎన్నాళ్లు ఎక్కువ నిలబడుతుందో చూస్తే ఏమన్నా తెలుస్తుంది.

ధనుర్మాసం

లెక్క చూసుకునే నెల. ఫలసాయం లేకపోతే మిగతా సూత్రాలన్నీ ఒట్టి మాటలే. ఈ ఏడు డబ్బు రూపంలో వచ్చింది తక్కువే: ఆకుకూరలు, వంగ, అలసంద కాయలు వింజమూరులో అమ్మాం, కూలికి సరిపోయింది. కంది కాయ పట్టింది, కోత ఇంకా ఉంది. సజ్జలో సగం పిట్టలు తిన్నాయి, మిగతా సగం సంకటికి. ఇంటికి కూర కొనడం దాదాపు ఆగిపోయింది. ఎరువుల అంగడికి పోలేదు. పొగాకు వేసిన ఏళ్లలో బ్యారన్‌కు కట్టెలు, ఎరువులు, అప్పు, వడ్డీ పోగా మిగిలింది చూసిన నాయన ఈ లెక్కను మరీ తీసిపారేయలేదు. "నిమ్మ కాపుకు రానీ, అప్పుడు మాట్లాడదాం" అన్నాడు. నిజమే, పండ్ల చెట్లు చేతికొచ్చేసరికి ఇంకో మూడు నాలుగేళ్లు పడుతుంది. నెమ్మదిగా, చిన్నగా అనే సూత్రం నాయనకు ఏమాత్రం నచ్చలేదు.

ఇప్పుడు చేతిలో ఉన్న పని హద్దు మీద నాలుగో కందకం. అడిగింది మామే. ఆయన పొలం పై అంచున ఒకటి పడితే మా మూడో కలుజు నీళ్లు నేరుగా అందులోకి పోతాయి. సంక్రాంతి దాటాక ఏ-ఫ్రేమ్ పట్టుకుని ఇద్దరం నడవాలి. గీత ఎవరి గట్టులో పడుతుందో ఇంకా తెలియదు, కానీ తవ్విన మట్టి కింది వైపే పోయాలి కాబట్టి కట్ట మాత్రం ఆయన వైపే వస్తుంది. ఆ కట్ట మీద పెట్టే చెట్లు ఎవరివి అన్న దగ్గర మాట ఆగింది. మునగయితే సగం సగం, టేకు అయితే మొత్తం తనదే అంటున్నాడు. నేను మునగ నారు పోశాను.